ఊపిరిది ఇప్పటి మాట, మూత్రానిది పోయిన వారం మాట

కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో ఇద్దరు ట్రక్ డ్రైవర్లు ఉన్నారనుకుందాం. శనివారం రాత్రి ఒకరు ఒళ్లు తెలియనంతగా బీరు తాగారు. ఇంకొకరు, ప్రతి శనివారం లాగే, లైసెన్స్ ఉన్న దుకాణంలో కొన్న గంజాయి పీల్చారు. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఇద్దరిదీ నేరం కాదు. ఆదివారమంతా ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. సోమవారం పొద్దున డ్యూటీకి రాగానే ఇద్దరినీ పరీక్షకు పిలిచారు. మొదటి మనిషి గొట్టంలోకి ఊది, మూత్రం ఇచ్చి, లోడు తీసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత కూడా ఏ ఇబ్బందీ రాలేదు. రెండో మనిషి మూత్రంలో గంజాయి ఆనవాలు తేలింది. కొద్ది రోజుల్లో స్టీరింగ్ దిగాల్సి వచ్చింది. ఆపైన రెండు నెలలు తిరక్కుండానే కమర్షియల్ లైసెన్స్ కూడా పోయింది. సోమవారం పొద్దున మాత్రం ఇద్దరిలో ఎవరికీ మత్తు లేదు.

అమెరికాలో ట్రక్ డ్రైవర్లకు పెట్టే మద్యం పరీక్ష అడిగేది ‘ఇప్పుడు నీ ఒంట్లో ఎంత ఉంది?’ అని. డ్రగ్ పరీక్ష అడిగేది ‘ఈ మధ్య ఎప్పుడైనా వాడావా?’ అని. రెండింటినీ ఒకే చట్టం కింద, ఒకే నియమావళిలో, చాలాసార్లు ఒకే రోజు ఒకే కేంద్రంలో జరుపుతారు కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ ఒకటి ఇప్పటి స్థితిని కొలుస్తుంది, ఇంకొకటి అలవాటును పట్టుకుంటుంది. ఈ నియమాల మీద వచ్చే గొడవల్లో చాలా వాటికి మూలం ఈ తేడాయే.

ట్రక్ డ్రైవర్ల మెడకు ఈ నియమాలు చుట్టుకోవడానికి కారణం రైళ్లు. 1987 జనవరి 4న మేరీల్యాండ్‌లోని చేజ్ దగ్గర, సిగ్నల్ దాటి మెయిన్ లైన్ మీదికి వచ్చిన కాన్‌రైల్ ఇంజన్లను ఆమ్‌ట్రాక్ ప్రయాణికుల రైలు ఢీకొట్టి 16 మంది చనిపోయారు. కాన్‌రైల్ సిబ్బంది గంజాయి వాడినట్టు పరీక్షల్లో తేలింది. 1989లో స్కిన్నర్ కేసులో సుప్రీంకోర్టు, రైల్వే ఉద్యోగులకు ప్రమాదాల తర్వాత రక్త, మూత్ర పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని 7-2 మెజారిటీతో తేల్చింది. వారెంటు లేకుండా, ఆ మనిషి మీద ప్రత్యేకంగా అనుమానం లేకుండా ఒంట్లోని ద్రవాన్ని సోదా చేయవచ్చా అన్నది అసలు ప్రశ్న. ప్రజల భద్రత ముందు ఆ అభ్యంతరం నిలవలేదు. 1991 ఆగస్టు 28న న్యూయార్క్ సబ్‌వేలో యూనియన్ స్క్వేర్ దగ్గర తాగి ఉన్న డ్రైవర్ నడిపిన రైలు పట్టాలు తప్పి ఐదుగురు చనిపోయారు. సరిగ్గా రెండు నెలలకు, అక్టోబరు 28న, ఆమ్నిబస్ ట్రాన్స్‌పోర్టేషన్ ఎంప్లాయీ టెస్టింగ్ యాక్ట్ మీద అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్ సంతకం చేశారు. విమానాలు, రైళ్లు, సిటీ బస్సులతో పాటు ట్రక్కులూ దాని కిందికి వచ్చాయి.

ఇప్పుడు ట్రక్ డ్రైవర్ విషయంలో రెండు నియమావళులు కలిసి నడుస్తాయి. పరీక్ష ఎలా చేయాలో రవాణా శాఖ రాసిన పార్ట్ 40 చెబుతుంది. ఎవరికి, ఎప్పుడు చేయాలో ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ అమలు చేసే పార్ట్ 382 చెబుతుంది. 26,001 పౌండ్లు, అంటే సుమారు 11,800 కిలోలు, అంతకు మించిన స్థూల బరువు ఉన్న వాహనం నడిపేవారు, డ్రైవర్‌తో కలిపి 16 మంది లేదా అంతకు మించి పట్టే బస్సు నడిపేవారు, ప్రమాదకర సరుకు బోర్డు పెట్టుకుని తిరిగేవారు దీని కిందికి వస్తారు. ఒక్క మాటలో, సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్స్) అవసరమైన బండి నడిపే ప్రతి ఒక్కరూ. కెనడా నుంచో మెక్సికో నుంచో సరిహద్దు దాటి వచ్చే డ్రైవర్లకూ మినహాయింపు లేదు.

మద్యం సంగతి ముందు చూద్దాం, లెక్క సూటిగా ఉంటుంది కాబట్టి. మామూలు కారు నడిపేవారికి రక్తంలో మద్యం శాతానికి చాలా రాష్ట్రాల్లో హద్దు 0.08. యూటాలో మాత్రం 0.05. ట్రక్ డ్రైవర్‌కు 0.04 వస్తే చాలు, నిబంధన ఉల్లంఘించినట్టే. 0.02 నుంచి 0.039 మధ్య వస్తే అది ఉల్లంఘన కింద రికార్డులకు ఎక్కదు గానీ 24 గంటలు బండి ముట్టుకోనివ్వరు. డ్యూటీకి ముందు నాలుగు గంటలు చుక్క కూడా ముట్టకూడదు. ప్రమాదం జరిగాక పరీక్ష అయ్యేదాకా, లేదా ఎనిమిది గంటల పాటు, తాగకూడదు. ‘టెన్షన్ తగ్గడానికి ఒక పెగ్గు వేశాను, ప్రమాదం అప్పుడు తాగి లేను’ అనే వాదనకు తావు లేకుండా ఈ చివరి నిబంధన పెట్టారు. రోడ్డు మీద తనిఖీ చేసే అధికారి ఇంకా కఠినం. డ్యూటీలో ఉన్న డ్రైవర్ దగ్గర మద్యం ఆనవాలు ఏ కొంచెం కనిపించినా 24 గంటలు పక్కన కూర్చోబెట్టవచ్చు.

నాలుగు గంటల నిబంధన పాటించాను కాబట్టి నిశ్చింత అనుకోవడం పొరపాటు. రక్తంలో మద్యం గంటకు సుమారు 0.015 చొప్పున తగ్గుతుంది. 0.12 దాకా తాగిన మనిషి సరిగ్గా నాలుగు గంటలు ఆగి వస్తే ఇంకా 0.06 దగ్గర ఉంటాడు. నిద్ర పోయినా, కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. ‘డ్యూటీ’ అంటే స్టీరింగ్ వెనక కూర్చోవడమే కాదన్నది కూడా చాలామందికి తట్టదు. బండి తనిఖీ చేసుకోవడం, లోడు ఎక్కించేటప్పుడు దగ్గరుండి చూడటం, డిస్పాచ్ పిలుపు కోసం టెర్మినల్‌లో ఎదురుచూడటం, అన్నీ డ్యూటీ కిందే లెక్క.

ఊపిరి పరీక్షలో ఒక చిన్న మర్యాద ఉంది. మొదటి రీడింగ్ 0.02 గానీ అంతకు మించి గానీ వస్తే వెంటనే నిర్ణయం తీసుకోరు. కనీసం 15 నిమిషాలు ఆగి, అరగంట దాటకుండా, రెండోసారి ఊదిస్తారు. మౌత్‌వాష్ వల్లో దగ్గు మందు వల్లో నోటిలో మిగిలిన ఆల్కహాల్ అప్పటికి పోతుంది. రెండోసారి వచ్చిందే అసలు ఫలితం. దాచడానికి, వాదించడానికి అందులో పెద్దగా ఏమీ మిగలదు.

డ్రగ్ పరీక్ష దగ్గరికొచ్చేసరికి ఈ సూటిదనం పోతుంది. వెతికేవి ఐదు కుటుంబాలు: గంజాయి, కొకైన్, యాంఫెటమిన్లు, ఓపియాయిడ్లు (మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందులు), పీసీపీ అనే భ్రాంతి కలిగించే మత్తుమందు. 2018 జనవరి 1 నుంచి హైడ్రోకోడోన్, హైడ్రోమార్ఫోన్, ఆక్సీకోడోన్, ఆక్సీమార్ఫోన్ అనే నాలుగు నొప్పి మందులను ఓపియాయిడ్ల జాబితాలో చేర్చారు. ఇవి డాక్టర్లు చీటీ మీద రాసిచ్చేవే. వీధిలో అమ్మే సరుకు మీద మొదలైన పరీక్ష అలా మందుల అల్మారా దాకా వచ్చింది.

నమూనా ఇచ్చే గదిలో సిగ్గుకు చోటు తక్కువ. కుళాయి నీళ్లు కలపకుండా ముందు జాగ్రత్తలు ఉంటాయి. టాయిలెట్ నీళ్లలో నీలి రంగు వేస్తారు. కనీసం 45 మిల్లీలీటర్లు ఇవ్వాలి. నాలుగు నిమిషాల్లోపు ఉష్ణోగ్రత చూస్తారు. 90 నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య లేకపోతే అనుమానం వచ్చినట్టే, అక్కడికక్కడే ఎదురుగా మనిషిని పెట్టి మళ్లీ ఇప్పిస్తారు. మూత్రం రాకపోతే మూడు గంటల వ్యవధిలో 40 ఔన్సుల దాకా, అంటే లీటరుకు కాస్త పైగా, నీళ్లు తాగనిస్తారు. అప్పటికీ ఇవ్వలేకపోతే దానికి శరీరంలో నిజంగా కారణం ఉందని డాక్టర్ తేల్చాలి. లేకపోతే పరీక్షకు నిరాకరించినట్టు రాస్తారు. ఇచ్చిన నమూనాను రెండు సీసాల్లో పోస్తారు, ఒకదాంట్లో 30, రెండోదాంట్లో 15 మిల్లీలీటర్లు. మొదటిది పాజిటివ్ అని తేలితే, ఆ సంగతి తెలిసిన 72 గంటల్లోపు రెండో సీసాను వేరే ల్యాబ్‌లో పరీక్షించమని డ్రైవర్ అడగవచ్చు. డబ్బు లేదన్న కారణంతో ఆ పరీక్ష ఆగకూడదని నిబంధన. పరీక్ష మాత్రం జరగాలి, ఖర్చు ఎవరు భరించాలో తర్వాత తేల్చుకోవచ్చు.

ల్యాబ్‌కూ కంపెనీకీ మధ్య మెడికల్ రివ్యూ ఆఫీసర్ అనే డాక్టర్ ఉంటారు. ల్యాబ్ పాజిటివ్ అన్నంత మాత్రాన కంపెనీకి కబురు పోదు. ముందు ఆ డాక్టర్ డ్రైవర్‌తో మాట్లాడాలి. చీటీ ఉందా, ఏ మందు, ఎవరు రాశారు అని అడిగి, నిజమైతే ఫలితాన్ని నెగటివ్‌గా మార్చి పంపుతారు. మొత్తం యంత్రాంగంలో మనిషి మాట వినే చోటు ఇదొక్కటే అనాలి. దానికీ ఒక మెలిక ఉంది. మందు సక్రమంగానే వాడుతున్నా దానితో బండి నడపడం క్షేమం కాదని డాక్టర్‌కు అనిపిస్తే, ఐదు పనిదినాల గడువిచ్చి, ఈలోగా మందు రాసిన డాక్టర్ ఫోన్ చేసి సర్దిచెప్పకపోతే, ఆ సంగతి కంపెనీకి చెప్పవచ్చు. ఫలితం నెగటివ్, పని మాత్రం సందేహంలో.

గసగసాల కథ ఇక్కడ చెప్పుకోవాలి. గసగసాలు చల్లిన రొట్టె తిన్నా మూత్రంలో మార్ఫిన్ కనిపిస్తుంది. 1998 దాకా మార్ఫిన్, కోడీన్‌లకు హద్దు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు ఉండేది. తిండి వల్ల వచ్చిన పాజిటివ్‌లు పెరిగిపోయి హద్దును 2,000కి పెంచారు. అది దాటినా 15,000 లోపు ఉంటే, దుర్వినియోగానికి వేరే ఆనవాళ్లు కనిపిస్తే తప్ప డాక్టర్ దాన్ని పాజిటివ్‌గా ఖాయం చేయరు. అంటే ఒక పదార్థం అమాయకంగా కూడా ఒంట్లోకి రావచ్చని నియమావళికి తెలుసు. అలాంటి చోట సడలింపు ఇవ్వడం కూడా తెలుసు. గంజాయి దగ్గర మాత్రం ఆ ఉదారత లేదు.

గంజాయిలోని టీహెచ్‌సీ కొవ్వులో చేరి నెమ్మదిగా బయటికొస్తుంది. పైగా మూత్ర పరీక్ష వెతికేది మత్తు కలిగించే టీహెచ్‌సీని కాదు, శరీరం దాన్ని విరిచాక మిగిలిన పదార్థాన్ని. అది మత్తు దిగిన చాలా రోజులకు కూడా ఉంటుంది. ఎప్పుడో ఒకసారి పీల్చినవారిలో రెండు మూడు రోజుల్లో పోవచ్చు, రోజూ వాడేవారిలో వారాల తరబడి కనిపించవచ్చు. కొకైన్ రెండు మూడు రోజుల్లో పోతుంది, మద్యం గంటల్లో పోతుంది. కాబట్టి ఎంత ప్రమాదకరమైనది వాడారన్న దానికంటే ఎంత నెమ్మదిగా కరిగేది వాడారన్న దాని మీదే దొరకడం ఆధారపడుతుంది. డ్రైవర్ల పాజిటివ్ ఫలితాల్లో సగానికి పైగా గంజాయివే కావడంలో దాని వాడకం ఎక్కువ కావడంతో పాటు ఈ రసాయనానికీ వాటా ఉంది.

1996లో కాలిఫోర్నియా వైద్యానికి, 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు సరదాకు కూడా గంజాయిని అనుమతించాయి. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. రవాణా శాఖ 2009లో ఒకసారి, 2012లో మరోసారి అధికారికంగా చెప్పింది ఒకటే: రాష్ట్రంలో ఏ చట్టం వచ్చినా ఫెడరల్ పరీక్షలో మార్పు లేదు, డాక్టర్ సిఫారసు చీటీ ఉన్నా చెల్లదు. 2020లో సీబీడీ (గంజాయి జాతి మొక్కలో ఉండే, మత్తు కలిగించని పదార్థం) నూనెల గురించీ ఇలాంటి హెచ్చరికే వచ్చింది. హెంప్ అనే గంజాయి జాతి నార మొక్క నుంచి తీసిన, 0.3 శాతానికి మించని టీహెచ్‌సీ ఉన్న సరుకు అమ్మకానికి 2018 వ్యవసాయ చట్టం దారి తెరిచింది. కానీ సీసా మీద రాసిందే లోపల ఉందని హామీ ఇచ్చేవారు లేరు. కీళ్ల నొప్పికి సీబీడీ నూనె వాడాను, గంజాయి ముట్టలేదు అన్నా మెడికల్ రివ్యూ ఆఫీసర్ దాన్ని కారణంగా ఒప్పుకోరు. దుకాణంలో చట్టబద్ధంగా కొన్న నూనె చుక్కల వల్ల ఇరవై ఏళ్ల వృత్తి ఆగిపోయే అవకాశం నిజంగానే ఉంది.

2024 మేలో న్యాయశాఖ గంజాయిని మత్తుపదార్థాల్లో అత్యంత కఠినమైన జాబితా అయిన షెడ్యూల్ 1 నుంచి, అంతకంటే సడలిన షెడ్యూల్ 3కి దించాలని ప్రతిపాదించినప్పుడు ట్రక్కింగ్ రంగంలో కలవరం పుట్టింది. ఫెడరల్ ల్యాబ్ పరీక్షల మార్గదర్శకాలు షెడ్యూల్ 1, 2 పదార్థాల చుట్టూ అల్లినవి. గంజాయి వాటి నుంచి జారిపోతే పరీక్షకే ఆధారం పోతుందేమోనన్నది భయం. రవాణా శాఖ నియమావళిలో గంజాయి పేరు నేరుగా ఉంది కదా అన్నది దానికి సమాధానం. నెమ్మదిగా కరిగే పదార్థం దొరికినంత మాత్రాన మనిషి బండి నడపలేని స్థితిలో ఉన్నాడా అన్న ప్రశ్న మాత్రం ఆ వాదనలో పక్కకు పోయింది.

పరీక్ష ఎప్పుడు పెడతారన్నది ఇక చూడాలి. ఉద్యోగంలో చేరకముందు డ్రగ్ పరీక్ష తప్పనిసరి. నెగటివ్ ఫలితం చేతికి రాకుండా కొత్త డ్రైవర్‌ను రోడ్డెక్కించకూడదు. సీడీఎల్ కోసం చేసే వైద్య పరీక్షలో ఇచ్చే మూత్రం వేరు, అది చక్కెర, ప్రొటీన్ లాంటివి చూడటానికి. రెండూ ఒకటే అనుకుని ఫైలులో ఒకే కాగితం పెట్టుకుని ఆడిట్‌లో చిక్కుకునే చిన్న కంపెనీలు ఉంటాయి.

యాదృచ్ఛిక పరీక్ష, అందరి నోటా ‘ర్యాండమ్’, దీని లెక్కను ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఏడాదికి డ్రగ్స్‌కు 50 శాతం, మద్యానికి 10 శాతం అని నిబంధన. 50 శాతం అంటే డ్రైవర్లలో సగం మందికి ఒక్కోసారి అని కాదు. వంద మంది ఉంటే ఏడాదిలో యాభై పరీక్షలు జరగాలి, అంతే. ప్రతిసారీ అందరి పేర్లూ మళ్లీ డబ్బాలో పడతాయి. మూడు నెలలకోసారి పన్నెండు పదమూడు పేర్లు తీశారనుకుంటే, ఒక డ్రైవర్ పేరు ఏడాదంతా ఒక్కసారీ రాకపోయే అవకాశం సుమారు 59 శాతం. రెండు, అంతకు మించిన సార్లు వచ్చే అవకాశం 8 శాతం దగ్గర. ‘నన్నే ఎందుకు మళ్లీ మళ్లీ పిలుస్తున్నారు, సూపర్‌వైజర్‌కు నా మీద కోపం’ అనే ఫిర్యాదులో చాలాసార్లు కోపం కాదు, లెక్కే ఉంటుంది. పోయిన వారమే ఇచ్చానన్న ధీమా ఎవరికీ మిగలకుండా ఉండటమే దీని ఉద్దేశం. ఈ 50 శాతం కూడా స్థిరం కాదు. పాజిటివ్‌లు తక్కువగా ఉన్నాయని 2016లో 25 శాతానికి దించారు. 2018 లెక్కల్లో పాజిటివ్‌లు ఒక శాతానికి చేరాయని తేలడంతో 2020 జనవరి 1 నుంచి మళ్లీ 50 చేశారు. మద్యం ర్యాండమ్‌ను డ్యూటీలోనో, డ్యూటీకి కాస్త ముందో వెనకో మాత్రమే చేయాలి. డ్రగ్ ర్యాండమ్‌కు అలాంటి హద్దు లేదు. మొదట చెప్పిన తేడా ఇక్కడా కనిపిస్తుంది.

ప్రమాదం తర్వాత పరీక్షకు లెక్క ఉంది. ఎవరైనా చనిపోతే, తప్పు ఎవరిదైనా సరే, పరీక్ష తప్పదు. గాయపడిన మనిషిని చికిత్సకు వేరే చోటికి తీసుకెళ్లినా, బండిని టోయింగ్ చేయాల్సి వచ్చినా, ట్రక్ డ్రైవర్‌కు పోలీసులు చలానా రాస్తేనే పరీక్ష. మద్యం పరీక్ష రెండు గంటల్లోపు చేయాలి, ఆలస్యమైతే ఎందుకో రాసిపెట్టాలి, ఎనిమిది గంటలు దాటితే ప్రయత్నం మానేయాలి. డ్రగ్ పరీక్షకు 32 గంటలు. చలానా లేకపోయినా జాగ్రత్త కోసమని ఫెడరల్ ఫారం మీద పరీక్ష చేయించే కంపెనీలు నిబంధన పాటిస్తున్నామని అనుకుంటూనే నిబంధన దాటుతాయి. సొంత పాలసీ కింద చేయించుకోవచ్చు, కానీ అది వేరే ఫారం మీద, ఫెడరల్ రికార్డులతో సంబంధం లేకుండా జరగాలి.

అనుమానం మీద పెట్టే పరీక్షకు సూపర్‌వైజర్ ముందే శిక్షణ పొంది ఉండాలి, మద్యం గురించి ఒక గంట, డ్రగ్స్ గురించి ఒక గంట. ఆ మనిషి కళ్లు, మాట తీరు, నడక, వాసన, ప్రవర్తన, అప్పుడు అక్కడ చూసినదే ఆధారం కావాలి. ‘ఫలానా వాడు తాగుతాడట’ అని క్యాంటీన్‌లో విన్న మాట పనికిరాదు. రెండు గంటల శిక్షణతో అలసటనూ మత్తునూ వేరు చేయగలరా అంటే అనుమానమే. పద్నాలుగు గంటల డ్యూటీ చేసి దిగిన మనిషి కళ్లు ఎలాగూ ఎర్రగానే ఉంటాయి.

పరీక్షకు నిరాకరించడం పాజిటివ్‌తో సమానం. నోటితో ‘చేయించుకోను’ అననక్కర్లేదు. పిలిచాక వెంటనే వెళ్లకపోవడం, నమూనా ఇవ్వకముందే కేంద్రం నుంచి వెళ్లిపోవడం, అడిగితే జేబులు చూపించకపోవడం, నమూనాలో ఏదో కలపడం, అన్నీ నిరాకరణే. పిల్లల్ని బడి నుంచి తీసుకురావాలని మధ్యలో లేచి వెళ్లి వచ్చినా అదే పేరు పడవచ్చు. చట్టానికి భయపడి తప్పించుకునేవారికీ, పద్ధతి తెలియక తప్పు చేసేవారికీ ఇక్కడ తేడా ఉండదు.

ఇదంతా 2020 దాకా ఒక పెద్ద కన్నంతో నడిచింది. ఒక కంపెనీలో చేరబోతూ పాజిటివ్ అయిన డ్రైవర్ కొన్ని వారాలు మానేసి, ఒళ్లు శుభ్రం చేసుకుని, ఇంకో కంపెనీ గడప తొక్కేవారు. పాత సంగతి అప్లికేషన్‌లో రాయకపోతే కొత్త కంపెనీకి తెలిసే దారి దాదాపు లేదు. 2012 చట్టం ఆదేశించిన డ్రగ్ అండ్ ఆల్కహాల్ క్లియరింగ్‌హౌస్ 2020 జనవరి 6న మొదలై ఆ కన్నం మూసింది. ఇది దేశమంతటికీ ఒకే డేటాబేస్. డ్రైవర్‌ను తీసుకునే ముందు కంపెనీ అందులో పూర్తి వివరాలు చూడాలి, దానికి డ్రైవర్ ఆన్‌లైన్‌లో ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే బండి ఇవ్వడానికి వీల్లేదు. ఉన్న డ్రైవర్లను ఏడాదికోసారైనా చూడాలి; ఆ చూపులో ఏదైనా ఉందా లేదా అన్నంత వరకే తెలుస్తుంది, ఉందంటే 24 గంటల్లో పూర్తిగా చూడాలి. ఒక్కో విచారణకు డాలరున్నర లోపే, 1.25 డాలర్లు. నమోదైన ఉల్లంఘన అయిదేళ్లు, లేదా తిరిగి డ్యూటీకి వచ్చే ప్రక్రియ పూర్తయ్యేదాకా, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా ఉంటుంది. పదేళ్లు ఊరుకుంటే మాసిపోయే మచ్చ కాదు.

అయినా ఒక సందు మిగిలింది. డేటాబేస్‌లో ‘నిషేధం’ అని ఉన్నా జేబులోని లైసెన్స్ కార్డు మాత్రం చెల్లుబాటుగానే కనిపించేది. 2024 నవంబరు 18 నుంచి రాష్ట్రాలు అలాంటి డ్రైవర్ల సీడీఎల్‌ను కబురు అందిన 60 రోజుల్లోపు మామూలు లైసెన్స్‌కు దించేయాలి. మొదట చెప్పిన డెన్వర్ డ్రైవర్ రెండు నెలల గడువు ఇదే.

తిరిగి రావడానికి దారి ఉంది, పొడుగైనది. గుర్తింపు ఉన్న సబ్‌స్టెన్స్ అబ్యూస్ ప్రొఫెషనల్, అంటే మత్తు అలవాట్ల నిపుణుల దగ్గర మదింపు, వాళ్లు చెప్పిన క్లాసులు లేదా చికిత్స, మళ్లీ మదింపు, ఆపైన ఎదురుగా మనిషి ఉండగా ఇచ్చే నమూనాతో పరీక్ష. అది నెగటివ్ అయితే డ్యూటీకి రావచ్చు. తర్వాతి పన్నెండు నెలల్లో కనీసం ఆరు తనిఖీ పరీక్షలు, అవసరమనుకుంటే అయిదేళ్ల దాకా. పాత కంపెనీ ఉద్యోగం అట్టే పెట్టాలని గానీ, ఖర్చు పెట్టుకోవాలని గానీ నిబంధన లేదు. తిరిగి వచ్చే పరీక్షకు పంపడానికి మాత్రం ఒక కంపెనీ కావాలి. తీసుకునే కంపెనీ దొరక్క చాలామంది ఆ గుమ్మం ముందే ఆగిపోతారు. 2024 నాటికి ఈ ప్రక్రియ మొదలే పెట్టని డ్రైవర్లు లక్షకు పైగా ఉన్నారు. వాళ్లంతా బాగుపడ్డారో, వేరే పని చూసుకున్నారో ఆ డేటాబేస్ చెప్పదు.

ఒకే ట్రక్కు ఉన్న ఓనర్ ఆపరేటర్ పరిస్థితి కాస్త విచిత్రం. యజమాని, పనివాడు ఒక్కరే. ర్యాండమ్‌కు తన పేరు తానే తీసుకోలేడు కాబట్టి బయటి కన్సార్టియంలో, అంటే చాలామంది డ్రైవర్ల పరీక్షలను ఉమ్మడిగా చూసే సంస్థలో, చేరి, అందరి పేర్లతో కలిపి తన పేరూ వేయించుకోవాలి. ఏడాదికోసారి క్లియరింగ్‌హౌస్‌లో తనను తాను వెతుక్కోవాలి కూడా.

ఈ యంత్రాంగమంతా ఫలితం ఇచ్చిందా అంటే, మద్యం విషయంలో సంకేతాలు బాగానే ఉన్నాయి. 2021లో ప్రాణాంతక ప్రమాదాల్లో ఉన్న పెద్ద ట్రక్కుల డ్రైవర్లలో 0.08 లేదా అంతకు మించి మద్యం ఉన్నవారు సుమారు 3 శాతం. కార్లు నడిపినవారిలో అది 24 శాతం దగ్గర. నియమాల ఘనత ఎంత, జీవనోపాధి పోతుందన్న భయం ఎంత, పగటిపూట ఎక్కువగా తిరగడం వల్ల ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. డ్రగ్స్ విషయంలో అలాంటి పోలిక కూడా కుదరదు, ఎందుకంటే మూత్రంలో దొరికిన ఆనవాలు ప్రమాద క్షణం గురించి ఏమీ చెప్పదు. అయిదు కుటుంబాల జాబితా కూడా కాలంతో పరుగెత్తలేకపోతోంది. ఫెంటానిల్ అనే అతి శక్తిమంతమైన ఓపియాయిడ్ దేశాన్ని కుదిపేసిన ఏళ్లన్నీ ట్రక్ డ్రైవర్ల పరీక్షలో దాని పేరు లేకుండానే గడిచాయి. ఫెడరల్ ఉద్యోగుల పరీక్షల జాబితాలోకి అది 2025లో వచ్చింది. అదే ఏడాది రవాణా శాఖ తన జాబితాలో చేర్చేందుకు ప్రతిపాదన పెట్టింది.

మరోవైపు కొన్ని పెద్ద కంపెనీలు వెంట్రుకల పరీక్షను ఇష్టపడతాయి. సుమారు మూడు నెలల చరిత్ర అందులో కనిపిస్తుంది. అంటే డ్రగ్ పరీక్ష ప్రశ్నను ఇంకా వెనక్కి జరపడం. అందుకు మార్గదర్శకాలు రాయమని 2015లోనే కాంగ్రెస్ ఆరోగ్య శాఖను ఆదేశించింది. ముసాయిదా 2020లో వచ్చింది. వెంట్రుక రంగును బట్టి ఫలితం మారుతుందన్న అభ్యంతరం మొదటి నుంచీ ఉంది.

లాలాజల పరీక్ష దీనికి పూర్తిగా ఎదురు దిశ. రవాణా శాఖ 2023 మేలో తుది నియమం ప్రకటించి, జూన్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. షరతు ఒకటే: మొదటి నమూనాకు ఒకటి, రెండో నమూనాకు ఇంకొకటి, కనీసం రెండు ల్యాబ్‌లకు ఆరోగ్య శాఖ గుర్తింపు వచ్చాకే ఈ పరీక్ష వాడవచ్చు. ఎదురుగా చూస్తూ తీసుకోవచ్చు కాబట్టి నీళ్లు కలిపే గొడవ ఉండదు, మూడు గంటలు కాచుకునే పనీ లేదు. అసలు సంగతి వేరే. లాలాజలంలో వెతికేది విరిగిన పదార్థాన్ని కాదు, టీహెచ్‌సీనే; అది సుమారు ఒక రోజు మించి కనిపించదు. డెన్వర్‌లో శనివారం రాత్రి గంజాయి పీల్చిన డ్రైవర్ సోమవారం పొద్దున లాలాజలం ఇస్తే నెగటివ్ రావచ్చు, మూత్రం ఇస్తే పాజిటివ్ రావచ్చు. రెండూ చట్టబద్ధమైన పరీక్షలే. రెండింటిలో ఏది పెట్టాలో ఎంచుకునే హక్కును నియమం కంపెనీకి ఇచ్చింది, డ్రైవర్‌కు కాదు.